బటన్ గీసేది ఎవరు?

బుచ్చిరెడ్డిపాళెం దగ్గర ఒక రైస్ మిల్లు. కాటా గదిలో బల్ల మీద రెండు కంప్యూటర్లు ఉన్నాయి. ఒకటి కొత్తది, మానిటర్‌కి అంటించిన ప్లాస్టిక్ పొర కూడా ఇంకా తీయలేదు. రెండోది విండోస్ 7, రెండు జీబీ ర్యామ్, కీబోర్డు మీద అంకెలు అరిగిపోయి మచ్చలు మిగిలాయి. గుమాస్తా పనంతా ఆ రెండోదాని మీదే. వడ్ల లారీ కాటా ఎక్కిందంటే ఆయన స్క్రీను వంక చూడను కూడా చూడడు. బండి నంబరు, ఎంటర్, రైతు పేరు, ఎంటర్, ఎఫ్5. తూకం చీటీ బయటికొస్తుంది. ఆ ప్రోగ్రాం ఎవరో ఫాక్స్‌ప్రో అనే పాత డేటాబేస్ భాషలో రాసిపెట్టి వెళ్లారు. ఇప్పుడు ఆయన ఫోను కలవదు.

దాని బదులు కొత్తది రాసిపెట్టమని నన్ను పిలిచారు. ఇంటికొచ్చి అందరూ చేసే పనే చేశాను. ఏ టూల్ మంచిదని వెతుకుతూ కూర్చున్నాను. రెండు రోజులు పోయాయి. ఎలక్ట్రాన్ వాడమని ఒకరు, అది ర్యామ్ తినేస్తుంది క్యూటీ వాడమని ఇంకొకరు, అంత ఎందుకు పైథాన్‌తో టికింటర్ వస్తుందిగా అని మరొకరు. ఎవరి మాటలోనూ తప్పు లేదు. వాళ్లు మాట్లాడుతున్న పనులే వేరు.

ముందు ఒక ప్రశ్నను పక్కన పెట్టాలి. వెబ్‌లో రాసేస్తే పోదా? చాలా పనులకు పోతుంది. ఇంట్లో కూర్చుని మిల్లు లెక్కలు చూసుకునే ఓనరు కోసమైతే నేనూ వెబ్‌లోనే రాస్తాను. కాటా దగ్గర సంగతి వేరు. తూకం చూపించే ఇండికేటర్ నుంచి సీరియల్ కేబుల్ ఒకటి కంప్యూటర్‌లోకి వస్తుంది. బ్రౌజర్ నుంచి సీరియల్ పోర్టు చదివే సౌకర్యం క్రోమ్‌లో 2021 నుంచి ఉంది, కాబట్టి అసాధ్యమేమీ కాదు. కానీ చీటీ ప్రింటు కొట్టినప్పుడల్లా డైలాగు బాక్సు లేస్తుంది. దాన్ని దాటడానికి దారులున్నాయి, ఆ దారులన్నీ కాటా గదిలో ఎవరో ఒకరు గుర్తుపెట్టుకోవాలి. కోతల సీజన్లో మిల్లు ముందు లారీలు బారులు తీరి ఉన్నప్పుడు నెట్ పోయిందంటే ఆ పూటకి అంతే. అందుకని డెస్క్‌టాప్ ప్రోగ్రామే.

ఇక అసలు చిక్కు. ఈ టూల్‌కిట్లన్నీ (స్క్రీను మీద బటన్లూ పెట్టెలూ కట్టే సామాను) ఒకే అరలో పెట్టి అమ్మే సరుకులా కనిపిస్తాయి గానీ వీటిని విడదీసే ప్రశ్న ఒకటుంది: స్క్రీను మీద ఆ బటన్ని నిజంగా గీసేది ఎవరు?

పెళ్లి వంటతో పోల్చుకుంటే తేలిగ్గా ఉంటుంది. మండపంలో ఉన్న గుండిగలూ గరిటెలే వాడుకుని వండించడం ఒక పద్ధతి. వంటమాస్టరు తన సామానంతా ట్రక్కు ఆటోలో వేసుకుని రావడం రెండోది. మూడోది, ఏకంగా ఒక హోటలునే వంటగదితో సహా మండపంలోకి దించేయడం.

మండపం సామాను వాడేవి విండోస్ ఫారమ్స్, డబ్ల్యుఎక్స్ విడ్జెట్స్, లాజరస్ లాంటివి. ఇవి విండోస్‌ని "నాకిక్కడ ఒక బటన్ కావాలి" అని అడుగుతాయి, గీసేది విండోసే. అందుకే ప్రోగ్రాం తేలిగ్గా ఉంటుంది, వెంటనే తెరుచుకుంటుంది. చూపు లేనివాళ్లు వాడే స్క్రీన్ రీడర్‌కి కూడా ఆ బటన్ ముందే తెలిసినది. ఇబ్బంది ఏమిటంటే, మండపంలో లేని గిన్నె కావాలంటే దొరకదు. బటన్‌కి గుండ్రటి మూలలు, నీడ, మెల్లగా రంగు మారడం, ఇలాంటి ముచ్చట్లు తీరాలంటే చాలా కష్టపడాలి.

సొంత సామాను తెచ్చుకునేవి క్యూటీ, జీటీకే, జావాలో స్వింగ్, ఫ్లట్టర్, అవలోనియా. వీటికి విండోస్ ఇచ్చేది ఒక ఖాళీ కిటికీ మాత్రమే. లోపల బటన్లు, పెట్టెలు, అక్షరాలు అన్నీ టూల్‌కిట్టే గీసుకుంటుంది. అందుకే విండోస్‌లో ఎలా ఉందో లినక్స్‌లోనూ దాదాపు అలానే ఉంటుంది. మైక్రోసాఫ్ట్ వాళ్ల రెండు టూల్‌కిట్లు ఈ గీతకి చెరో వైపు పడటం చూస్తే విషయం ఇంకా స్పష్టమవుతుంది. 2002లో వచ్చిన విండోస్ ఫారమ్స్ మొదటి వైపు, 2006లో వచ్చిన డబ్ల్యుపీఎఫ్ రెండో వైపు. ఇంటిపేరు ఒకటే, స్వభావాలు వేరు.

హోటలునే దించేది ఎలక్ట్రాన్. 2013లో గిట్‌హబ్ వాళ్లు తమ ఆటమ్ ఎడిటర్ కోసం మొదలుపెట్టారు. క్రోమియం బ్రౌజర్ మొత్తం, దానితో జావాస్క్రిప్ట్ నడిపే నోడ్, రెండూ ప్రతి ప్రోగ్రాంలోనూ ఉంటాయి. మనం రాసేది వెబ్ పేజీ. వీఎస్ కోడ్ ఇలా కట్టిందే, అంత బాగా పనిచేసే ఎడిటర్ ఇంకోటి నేను చూడలేదు కాబట్టి ఎలక్ట్రాన్ పేరు వినగానే మూతి ముడుచుకునే వాళ్లలో నేను లేను. కానీ ఖాళీ విండో ఒకటి చూపించడానికే డిస్కులో వంద ఎంబీల పైన, ర్యామ్‌లో కూడా అంతకు తగ్గకుండా పోతుంది. రెండు జీబీల మిషన్లో అది చిన్న మాట కాదు. దీనికి విరుగుడుగా వచ్చింది టౌరీ, 2022లో 1.0 విడుదలైంది. హోటలుని మోసుకురాకుండా మండపం పక్కనే ఉన్న హోటల్ని వాడుకుంటుంది. అంటే వెబ్ పేజీలు చూపించడానికి విండోస్‌లో ఉండే వెబ్‌వ్యూనే. ప్రోగ్రాం కొన్ని ఎంబీలకి దిగుతుంది. బదులుగా ఆ పక్క హోటలు తెరిచి ఉందా, ఏ వెర్షన్‌లో ఉందా అన్న టెన్షన్ మనది.

టికింటర్ సంగతి? దాని వెనక ఉన్న టికె అనేది బర్క్‌లీలో జాన్ ఔస్టర్‌హౌట్ 1990ల మొదట్లో చేసింది. అది రెండు పడవల మీద కాళ్లు పెట్టిన మనిషి. కొన్ని బటన్లు విండోస్‌ని అడిగి తెచ్చుకుంటుంది, కొన్ని తనే గీసుకుంటుంది. నేర్చుకోవడానికి దాన్ని మించింది లేదు, నెల్లూరు కాలేజీల్లో ప్రాజెక్టు చేసే పిల్లలకి నేను చెప్పేది అదే.

బటన్ ఎవరు గీస్తారన్నది తెలుగు దగ్గరికి వచ్చేసరికి ప్రాణసంకటం అవుతుంది. ఇంగ్లిష్ అక్షరాలు ఒకదాని పక్కన ఒకటి పేర్చుకుంటూ పోతే చాలు. మనకి అలా కుదరదు. బుచ్చిరెడ్డిపాళెం అనే పేరే తీసుకోండి. మనం చదివేది ఆరు అక్షరాలు: బు, చ్చి, రె, డ్డి, పా, ళెం. కంప్యూటర్ దాచుకునేది పదిహేడు సంకేతాలు. "చ్చి" ఒక్కటే నాలుగు: చ, పొల్లు, మళ్లీ చ, గుడి. వాటిని కలిపి ఒత్తు కింద పెట్టి గుడి పైన పెట్టే పని ఎవరో ఒకరు చేయాలి. క్యూటీ, జీటీకే, క్రోమియం, ఫ్లట్టర్ ఈ పనికి హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీని వాడతాయి. విండోస్ సామాను వాడేవాటికి విండోసే చేసిపెడుతుంది. ఎక్స్‌పీ కాలం నుంచే గౌతమి ఫాంటు ఉంది, విండోస్ 8 నుంచి నిర్మల కూడా వచ్చింది. టికె విండోస్‌లో బాగానే చూపిస్తుంది గానీ అదే ప్రోగ్రాం లినక్స్‌లో టికె 8.6తో తెరిస్తే ఒత్తులు విడిపోయి పక్కకి పడతాయి. గేమ్‌లూ ఇంజినీరింగ్ టూల్సూ రాసేవాళ్లు ఇష్టపడే డియర్ ఇమ్‌గుయి లాంటి చిన్న లైబ్రరీలకి ఈ కలిపే పనే రాదు. అది వాటి తప్పు కాదు, వాటి లక్ష్యం వేరు. మన పనికి మాత్రం పనికిరావు.

ఇందులోనే ఇంకో గొయ్యి ఉంది, అందులో నేను పడ్డాను. చీటీలో ఊరి పేరుకి పది అక్షరాలు చాలనుకుని పెట్టెకి ఆ హద్దు పెట్టాను. "బుచ్చిరెడ్" అని ప్రింటయింది. గుమాస్తా చీటీని అటూ ఇటూ తిప్పి, "ఏంది అబ్బయా, ఊరిని సగానికి కోసేశావు" అన్నాడు. టూల్‌కిట్ లెక్కపెట్టింది సంకేతాలను, నేను లెక్కపెట్టింది అక్షరాలను. బ్యాక్‌స్పేస్ కొడితే మొత్తం అక్షరం పోవాలా, ఒత్తు ఒక్కటే పోవాలా అన్నదానిలో కూడా ఒక్కో టూల్‌కిట్‌ది ఒక్కో దారి. ప్రింటరు దగ్గర మరో మెలిక. మన కాటా గదుల్లో ఉండే థర్మల్ ప్రింటర్లకి అక్షరాలు నేరుగా పంపితే ఇంగ్లిష్ వస్తుంది, తెలుగు రాదు. తెలుగు చీటీని బొమ్మగా గీసి పంపాలి. కాబట్టి టూల్‌కిట్‌ని ఎంచుకునేటప్పుడు స్క్రీను మీద ఎలా గీస్తుందో చూస్తే సరిపోదు, అదే గీతని ప్రింటర్‌కి పంపగలదా అనీ చూడాలి.

ఇప్పుడు ఏ టూల్ తీసుకున్నా తప్పని విషయం ఒకటి. స్క్రీను ఉన్న ప్రతి ప్రోగ్రాం లోపల ఒక చక్రం తిరుగుతుంటుంది. మీట నొక్కారా, మౌసు కదిలిందా, విండో మళ్లీ గీయాలా అని ఒక్కొక్కటే అందుకుని పని చేసి మళ్లీ మొదటికొస్తుంది. ఒకే ఒక్క సర్వర్ ఉన్న టిఫిన్ హోటలు లాంటిది. ఆ కుర్రాడే వెళ్లి పిండి రుబ్బడం మొదలుపెడితే బల్లల దగ్గర వాళ్లు ఎదురుచూస్తూ ఉండిపోతారు. నా మొదటి వెర్షన్లో బటన్ నొక్కగానే కాటా నుంచి తూకం వచ్చేదాకా ఆ చక్రాన్ని అక్కడే ఆపాను. ఇండికేటర్ కేబుల్ వదులుగా ఉన్న ఒక రోజు తూకం రాలేదు. స్క్రీను బిగుసుకుపోయింది. విండోస్ ఐదు సెకన్లు చూసి "నాట్ రెస్పాండింగ్" అని పైన రాస్తుంది, ఆలోపే గుమాస్తా మూడుసార్లు ఎంటర్ కొట్టాడు. ఆ మూడూ వరుసలో నిలబడ్డాయి. కేబుల్ సర్దగానే ఒకే లారీకి మూడు చీటీలు, మూడు వరుస నంబర్లతో.

దీనికి మందు అన్నిచోట్లా ఒకటే. కాటాని చదివే పని వేరే త్రెడ్‌లో, అంటే చక్రంతో పాటే విడిగా నడిచే ఇంకో వరుసలో పెట్టాలి, చదివిన తూకాన్ని చక్రానికి కబురుగా అందించాలి. ఆ పక్క త్రెడ్ స్క్రీను మీద చెయ్యి పెట్టకూడదు. క్యూటీలో ఆ కబురుని సిగ్నల్ అంటారు, టికింటర్‌లో ఆఫ్టర్ అనే ఫంక్షన్‌తో కొద్ది కొద్ది సేపటికి వరుసని చూసుకుంటారు, విండోస్ ఫారమ్స్‌లో ఇన్వోక్ అంటారు. పేర్లు మారతాయి అంతే. అదనంగా వచ్చిన ఆ చీటీలు కాన్సిల్ చేయించుకోవడానికి నేను మిల్లు ఓనరు ముందు నిలబడ్డది మాత్రం గుర్తుంది.

రాసే పద్ధతిలో కూడా రెండు దారులున్నాయి. తూకం అనేది చీటీ మీద నాలుగు చోట్ల కనిపిస్తుంది: కిలోల్లో, పుట్లలో, బస్తాల్లో, రూపాయల్లో. నెల్లూరులో పుట్టి అంటే 850 కిలోలు, ధర మాట్లాడుకునేది పుట్టికే. నికర తూకం 12,750 వస్తే పక్కన పదిహేను పుట్లు అని పడాలి. పాత పద్ధతిలో అయితే తూకం మారినప్పుడల్లా ఈ నాలుగు పెట్టెలనూ మనమే గుర్తుపెట్టుకుని మార్చాలి. తరుగు తీసేశాక మూడింటిని మార్చి నాలుగోదాన్ని మరిచిపోవడం చాలా సులువు, ఆ నాలుగోది రూపాయలయితే ఇంకేముంది. కొత్త పద్ధతిలో, అంటే క్యూటీ వాళ్ల క్యూఎంఎల్‌లోనో డబ్ల్యుపీఎఫ్ బైండింగ్‌లోనో ఫ్లట్టర్‌లోనో, అసలు తూకం ఒకచోటే ఉంటుంది. ఈ పెట్టె ఆ తూకాన్ని 850తో భాగిస్తే వచ్చేది అని ఒక్కసారి రాస్తే చాలు, మిగతాది స్క్రీనే చూసుకుంటుంది. నలభై పెట్టెలున్న స్క్రీనుకి నేను రెండో దారే తీసుకుంటాను. ఏడు పెట్టెల కాటా చీటీకి మాత్రం పాత దారిలోనే, నాలుగింటినీ మార్చే ఫంక్షన్ ఒక్కటే పెట్టి, అన్నిచోట్లా దాన్నే పిలిచాను.

లైసెన్సు గురించి ఎవరూ మొదట్లో అడగరు, బిల్లు కొట్టేరోజు అడుగుతారు. క్యూటీ నార్వేలో పుట్టింది, 1995లో బయటికొచ్చింది. దాని మీద కేడీఈ అనే లినక్స్ డెస్క్‌టాప్ కట్టినప్పుడు క్యూటీ లైసెన్సు పూర్తిగా స్వేచ్ఛగా లేదన్న అభ్యంతరంతోనే 1997లో దానికి పోటీగా గ్నోమ్ మొదలైంది, అది గింప్ అనే బొమ్మల ప్రోగ్రాం కోసం పుట్టిన జీటీకేని ఎంచుకుంది. 2000లో క్యూటీకి జీపీఎల్ (ఇది వాడి అమ్మితే మన కోడు కూడా ఇవ్వాలి) వచ్చాక ఆ గొడవ చల్లబడింది, 2009లో ఎల్‌జీపీఎల్ (మన కోడు మన దగ్గరే ఉంచుకోనిచ్చేది) కూడా వచ్చింది. పైథాన్ వాళ్లకి ఆ గొడవ తోక ఇంకా మిగిలే ఉంది. పైథాన్‌లో క్యూటీ వాడటానికి రెండు దారులు. పైక్యూటీ తీసుకుంటే జీపీఎల్, లేదంటే డబ్బు కట్టాలి. పైసైడ్ తీసుకుంటే ఎల్‌జీపీఎల్. మన కోడు మన దగ్గరే ఉంచుకుని మిల్లులకి అమ్ముకునేవాళ్లకి పైసైడే నయం. వాడే తీరు రెండిటిదీ దాదాపు ఒకటే, మొదటి వరుసలో పేరు మార్చడం తప్ప పెద్ద తేడా ఉండదు.

మళ్లీ మిల్లు దగ్గరికి వద్దాం. ఆ విండోస్ 7 మిషన్‌కి మైక్రోసాఫ్ట్ 2020 జనవరిలోనే చెయ్యెత్తేసింది. దాని మీద నడిచే చివరి పైథాన్ 3.8, చివరి క్యూటీ 5.15, చివరి ఎలక్ట్రాన్ 22. వెబ్‌వ్యూ కూడా 109 దగ్గర ఆగిపోయింది. అంటే ఆ బల్ల మీది పాత డబ్బా ఒక్కటే సగం జాబితాను కొట్టేస్తుంది, మిగిలిన సగాన్ని పాత వెర్షన్లకి కట్టేస్తుంది. కొత్త కంప్యూటర్ వాడమంటే సరిపోదా అంటారేమో. చెప్పి చూశాను. "దీనికి చెయ్యి అలవాటైపోయింది" అన్నాడాయన, కవరు తీయని మానిటర్‌ని చూపించి నవ్వాడు.

చివరికి నేను విండోస్ ఫారమ్స్‌లో రాశాను, సీ షార్ప్, డాట్‌నెట్ ఫ్రేమ్‌వర్క్ 4.8, లెక్కలు దాచడానికి వెనక ఎస్‌క్యూలైట్. ఆ 4.8 విండోస్ 7 మీదా ఎక్కుతుంది, కొత్త విండోస్‌లో ముందే ఉంటుంది. సీరియల్ పోర్టు చదవడం అందులోనే ఉంది. తెలుగు విండోసే చూసుకుంటుంది. రేపు నా ఫోను కలవకపోతే నెల్లూరులో సీ షార్ప్ తెలిసినవాళ్లు దొరుకుతారు. మిల్లు వాళ్లకి అసలు కావలసింది అది. మైక్రోసాఫ్ట్ దాని తర్వాత డబ్ల్యుపీఎఫ్, యూడబ్ల్యుపీ, విన్‌యూఐ, మౌయి అంటూ వరసగా కొత్తవి తెస్తూనే ఉంది. పాతదాన్ని తీసేయడానికి మాత్రం ధైర్యం చేయలేదు, అందుకు వాళ్లకి దండం.

ఇదే ఎంపిక అందరికీ పనికిరాదు. ఒంగోలు నుంచి ఒకతను అడిగాడు. చీమకుర్తి గ్రానైట్ వ్యాపారం వాళ్లది. పలకల ఫోటోలు పెద్దవి చేసి చూడాలి, కొలతలు గీతలు గీసి చూపించాలి, ఆఫీసులో కొన్ని లినక్స్ మిషన్లు కూడా ఉన్నాయి. అక్కడ విండోస్ సామాను ఏ మూలకీ రాదు. క్యూటీ అని ఆలోచించకుండా చెప్పాను, పైసైడ్‌తో మొదలుపెట్టమన్నాను. ఇప్పటికే వెబ్‌లో ఆరితేరిన ఇద్దరు ముగ్గురు కుర్రాళ్లు కలిసి కొత్త మిషన్ల కోసం రాస్తుంటే ఎలక్ట్రానో టౌరీనో తీసుకోండి, ర్యామ్ గురించి ఎవరైనా ఏమైనా అననీ. ఒక్కడే కూర్చుని చిన్న ఈఎక్స్‌ఈ ఒక్కటి చేతికిచ్చి రావాలనుకుంటే లాజరస్‌ని ఒకసారి చూడండి. అందులో రాసేది పాస్కల్ భాష, ఆ పేరు వినగానే నవ్వకండి.

తీరా రాసిన తర్వాత దాన్ని అవతలి కంప్యూటర్లో నిలబెట్టడం ఇంకో పని. పైథాన్‌తో కట్టిన ఈఎక్స్‌ఈని యాంటీవైరస్ వైరస్ అనుకుని లాక్కుపోయిన సందర్భాలు నాకు రెండున్నాయి. సంతకం లేని ఇన్‌స్టాలర్ నెట్ నుంచి దించితే విండోస్ నీలం రంగు హెచ్చరిక తెర అడ్డం వేస్తుంది, సర్టిఫికెట్‌కి ఏటా డబ్బు కట్టాలి. అందుకే ఇప్పుడు పూర్తి ప్రోగ్రాం రాయకముందే ఒకే ఒక స్క్రీను, ఒక తెలుగు పేరు, ఒక ప్రింటు ఉన్న తునక తయారుచేసి పెన్‌డ్రైవ్‌లో వేసుకుని నేరుగా ఆ మిషన్ దగ్గరికే వెళతాను. నా ల్యాప్‌టాప్‌లో ఎలా ఉందో నాకు అక్కర్లేదు. అక్కడ తెరుచుకోవడానికి ఎంతసేపు పట్టింది, ఒత్తులు నిలబడ్డాయా, చీటీ వచ్చిందా, అంతే.

మిల్లులో అలా తునక పెట్టి చూపించిన రోజు అన్నీ సరిగ్గానే వచ్చాయి. గుమాస్తా కాసేపు మీటలు నొక్కి చూశాడు. ఎంటర్ కొడితే పక్క పెట్టెలోకి పోకుండా సేవ్ అయిపోయింది, ఎందుకంటే చాలా టూల్‌కిట్లలో ఎంటర్ అంటే ఓకే బటనే. అది రాసుకున్నాను. తర్వాత ఆయన ఎఫ్2 నొక్కాడు. ఏమీ కాలేదు.

"ఎఫ్2 కొడితే పాత చీటీ రావాలి కదా అబ్బయా?"

పాత ప్రోగ్రాంలో అలాంటిది ఉందని ఓనరుకి కూడా తెలియదు. మరుసటి వారం పొద్దున్నే వెళ్లి మధ్యాహ్నం దాకా ఆయన పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను, ఒక నోట్‌బుక్కుతో. ఆయన ఏ మీట ఎందుకు నొక్కుతున్నాడో రాసుకుంటూ పోయాను. పదకొండు తేలాయి.